శిక్షణ మిషన్ పక్కనే ఇవ్వాలి

సంపాదకుడు గారికి,
అయ్యా,

చీమకుర్తి, రామతీర్థం గ్రానైట్ క్వారీల్లో కార్మికులకు శిక్షణ లేదంటే రిజిస్టర్ తీసి చూపిస్తారు. అందులో సంతకాలు, వేలిముద్రలు అన్నీ ఉంటాయి. గనుల్లో వృత్తి శిక్షణ నిబంధనలు 1966లోనే వచ్చాయి. కొత్తగా చేరినవాడికి ప్రాథమిక శిక్షణ, పాతవాడికి ఐదేళ్లకోసారి మళ్లీ శిక్షణ ఉండాలన్నాయి. కాగితం మీద లోటు లేదు. పని దగ్గరికొచ్చేసరికే తేడా.

నేను ఫోర్‌మన్‌గా చేసిన ఒక క్వారీలో షిఫ్టు దిగినవాళ్లను రేకుల షెడ్డులో కూర్చోబెట్టి తెర మీద బొమ్మలు వేసేవారు. కూర్చున్నవాళ్లలో చాలామంది ఒడిశా, బీహార్ మనుషులు. చెప్పేది తెలుగు, తెర మీద ఇంగ్లీషు. కాసేపు కునికి, టీ తాగి, సంతకం పెట్టి పోయేవారు. రాత్రంతా రాయి కోసినవాడిని ఏమనగలం?

వైర్ సా అంటే వజ్రపు పూసలు గుచ్చిన తీగతో రాయి కోసే మిషన్. దాని పని అలా వచ్చేది కాదు. తీగ తెగిందంటే దాని పూసలు తూటాల్లా ఎగిరొస్తాయి. ఎక్కడ నిలబడకూడదో, తీగ ఎంత బిగించాలో, తీగ మీద పోసే నీళ్లు తగ్గితే ఏమవుతుందో మిషన్ పక్కన నిలబెట్టి చూపించాలి. అది చూపించగలిగేది ఏళ్ల తరబడి దాన్ని నడిపిన ఆపరేటరే. కానీ ఆయన నేర్పుతూ ఉంటే ఆ రోజు కటింగ్ తగ్గుతుంది, మాట పడేదీ ఆయనే. ఇంకెందుకు నేర్పుతాడు?

కాబట్టి నేర్పే రోజుల్లో ఆపరేటర్‌ని కటింగ్ లెక్క అడక్కూడదు, పైన కొంత భత్యం ఇవ్వాలి. నేర్చుకునేవాడి కూలి కొయ్యకూడదు. హిందీయో ఒడియానో వచ్చిన మేస్త్రీని పక్కన పెట్టాలి. మూడు నెలల తర్వాత మిషన్ దగ్గరే పరీక్ష పెట్టి, నెగ్గిన హెల్పర్‌కు రేటు పెంచాలి. ఆ చివరిది లేకపోతే మిగతావన్నీ దండగేనని నా అభిప్రాయం. పని వచ్చినవాడికీ రానివాడికీ సమానంగా కూలి ఇచ్చేచోట ఎవరికి శ్రద్ధ ఉంటుంది?

నెల్లూరులోని గనుల భద్రతా అధికారులు తనిఖీకొస్తే కొత్త హెల్పర్లను ఇద్దరిని పిలిచి, "తీగ తెగితే ఎటు పోతావు?" అని వాళ్ల భాషలోనే అడిగించాలి.

చిన్న క్వారీలకు ఇది విడిగా భారమే, కాదనను. నాలుగైదు క్వారీల యజమానులు కలిసి, పని ఆగిపోయిన ఒక బెంచీ (క్వారీలో మెట్టులా కోసిన చోటు) దగ్గర పాత మిషన్ పెట్టుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ రాయిని విదేశాలకు పంపే ఊరికి ఇదేమంత పెద్ద పెట్టుబడి కాదు.

– ఒక విశ్రాంత క్వారీ ఫోర్‌మన్, చీమకుర్తి, ప్రకాశం జిల్లా