మోకాలి నొప్పికి బూట్ల ధర మందు కాదు

సంపాదకులకు,

మీ పత్రికలో పోలీసు నియామకాల ప్రకటనో, కేంద్ర బలగాల ప్రకటనో పడిన మరునాటి నుంచి మా పర్లాకిమిడిలో తెల్లవారుజామున రోడ్డెక్కి పరుగెత్తే యువకుల సంఖ్య హఠాత్తుగా పెరుగుతుంది. నాలుగైదు వారాలు గడిచేసరికి వారిలో పలువురు మోకాలికి సాగే పట్టీ తొడుక్కుని, మూసి ఉన్న దుకాణాల అరుగుల మీద కూర్చుని కనబడతారు. ఇరవై ఏళ్ళుగా దూరపు పరుగు అలవాటున్నవాడినని, పైగా సైన్సు ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైనవాడినని వాళ్ళు నన్ను ఆపి అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: "మాస్టారూ, ఏ కంపెనీ బూట్లు కొంటే ఈ నొప్పి పోతుంది?" రోడ్డు మీద నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగే జవాబు కాదది. అందుకే ఈ ఉత్తరం.

నేనూ ఒకప్పుడు అదే ప్రశ్న పట్టుకుని తిరిగినవాడినే. విశాఖపట్నంలో 21 కిలోమీటర్ల పరుగులో పాల్గొనాలన్న ఉబలాటంతో, వారానికి 25 కిలోమీటర్లు పరుగెత్తే నేను నెల తిరగకుండానే దాన్ని 45కు పెంచాను. అది చాలదన్నట్టు ఆదివారాలు కొండవాలు దారి పట్టాను. మూడో వారంలో మేడమెట్లు దిగుతుంటే కుడి మోకాలి చిప్ప వెనుక సలుపు మొదలైంది. తప్పు పాత బూట్లదే అనుకుని పక్క జిల్లాలోని ఒక పెద్ద దుకాణానికి వెళ్ళాను. అక్కడి కుర్రవాడు నన్ను ఒక యంత్రం మీద నిలబెట్టి, పాదానికి వంపు తక్కువని తేల్చి, మడమ లోపలికి వాలకుండా అడ్డుకుంటాయంటూ తొమ్మిదివేల రూపాయల బూట్లు అంటగట్టాడు. వారం రోజులు బాగానే ఉంది, ఎందుకంటే ఆ వారం నేను పరుగెత్తలేదు. మళ్ళీ మొదలుపెట్టాక పన్నెండో కిలోమీటరు దగ్గర అదే సలుపు ఎదురొచ్చింది. అప్పుడు చూపించుకున్న వైద్యుడు మోకాలిని చేత్తోనైనా తాకకుండా "గుజ్జు అరిగింది, పరుగు మానెయ్యండి" అన్నారు. మా ఇంట్లోవాళ్ళకు కావలసిన మాట కూడా అదే. నేను పరుగు మానలేదు గాని, ఆ రెండు సలహాల మధ్య నలిగి ఒక ఏడాది పోగొట్టుకున్నాను.

ఆ ఏడాది తరువాత కాగితం, కలం తీసుకుని లెక్క వేస్తే కారణం కంటికెదురుగానే ఉంది. మామూలు వేగంతో పరుగెత్తేవాడు కిలోమీటరుకు సుమారు వెయ్యి అడుగులు వేస్తాడు; పడిన ప్రతి అడుగుకూ నేల నుంచి శరీరం బరువుకు రెండు మూడు రెట్ల ఒత్తిడి కాలికి ఎదురు తగులుతుంది. వారానికి ఇరవై కిలోమీటర్లు పెంచానంటే ఇరవై వేల అడుగులు, అంటే ఒక్కొక్క మోకాలికి పదివేల దెబ్బలు, అలవాటు లేని భారంగా మోపానన్నమాట. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే కొత్త శ్రమకు అలవాటుపడతాయి. ఎముకకు, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువుకు నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని దూరం పెంచేవాడు, ఇంకా సిద్ధపడని మోకాలిని సిద్ధమైన గుండె వెనక ఈడ్చుకుపోతున్నాడు.

మా యువకుల విషయంలో ఈ తేడా మరింత తీవ్రంగా ఉంటుంది. కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ పరీక్షలో పురుషులు 5 కిలోమీటర్లను 24 నిమిషాల్లో, స్త్రీలు 1.6 కిలోమీటర్లను ఎనిమిదిన్నర నిమిషాల్లో పూర్తి చేయాలి. అసాధ్యమైన వేగమేమీ కాదు. కాని పొలం పనో, దుకాణంలో కొలువో తప్ప పరుగు ఎరుగని పిల్లవాడు ప్రకటన చూసిన రోజునే పూర్తి దూరం, పూర్తి వేగం అందుకోబోవడంతో అసలు చిక్కు వస్తుంది. 2025లో ప్రచురితమైన, ఐదువేల మందికి పైగా పరుగరులను గమనించిన ఒక అధ్యయనంలో, గడచిన ముప్పై రోజుల్లో పరుగెత్తిన అతి పెద్ద దూరాన్ని ఒక్క పరుగులోనే పదో వంతుకు మించి దాటినవారికి గాయాల ముప్పు పెరిగిందని తేలింది. వారం మొత్తం మీద ఎంత అన్నదానికంటే ఒక్కరోజు ఆవేశంలో ఎంత అన్నదే ఎక్కువ చేటు చేస్తోందని దాని సారాంశం. స్నేహితుడితో పందెం వేసుకుని, మూడు కిలోమీటర్ల అలవాటు మీద ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తి వచ్చిన కుర్రవాళ్ళను నేను చాలామందిని చూశాను.

ఇక నొప్పి సంగతి. మోకాలి నొప్పులన్నీ ఒకటి కావు. చిప్ప చుట్టూ లేదా వెనుక సలుపుతూ, మెట్లు దిగినప్పుడు, గొంతుక్కూర్చున్నప్పుడు, బస్సులో గంటల తరబడి మోకాళ్ళు ముడుచుకు కూర్చున్నప్పుడు ఎక్కువయ్యేది పరుగరులలో అతి సాధారణం. మోకాలికి బయటి పక్కన, ప్రతిసారీ దాదాపు ఒకే దూరం దగ్గర మొదలై, పల్లంలో దిగేటప్పుడు మంటలా పెరిగేది మరొకటి. చిప్పకు సరిగ్గా కింద, వేలితో నొక్కితే తెలిసేది అక్కడి స్నాయువు నొప్పి. ఈ మూడూ ఎక్కువగా భారం తగ్గించి, కండరాలకు బలం చేకూర్చితే లొంగేవే. అలా కాక మోకాలు వాచినా, మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకపోయినా, నడుస్తుంటే పట్టు తప్పినా, రాత్రి పడుకున్నా నొప్పి వదలకపోయినా, ఎముక మీద ఒకేచోట పోటు పెడుతున్నా ఆలస్యం చేయకుండా ఎముకల వైద్యుణ్ణి చూడాలి.

వాడుక భాష కోసం జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది కనుక వాడుక మాటను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అయినా "గుజ్జు అరిగిపోవడం" అనే ఒక్క మాట మీద మాత్రం నాకు ఫిర్యాదు ఉంది. ఆ మాట వినగానే మనిషికి మోకాలు అరిగిపోయే బండి టైరులా కనబడుతుంది. తిరిగినకొద్దీ అరుగుతుంది కనుక తిరగకపోవడమే మేలనిపిస్తుంది. కాని మనం గుజ్జు అనేది మృదులాస్థిని, అంటే కీలులో ఎముకల చివరలను కప్పి ఉండే నునుపైన పొరను; అది సజీవమైన కణజాలం. కదలికలో నొక్కుకుంటూ, విడుస్తూ ఉండగానే దానికి పోషణ అందుతుంది. 2017లో ప్రచురితమైన ఒక సమీక్షలో తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల జబ్బు (ఆస్టియో ఆర్థ్రైటిస్) సరదాకు పరుగెత్తేవారిలో 3.5 శాతం, పరుగు జోలికే పోనివారిలో 10.2 శాతం, పోటీ స్థాయిలో పరుగెత్తేవారిలో 13.3 శాతం కనిపించింది. పరుగే దాన్ని తగ్గించిందని ఈ అంకెలు రుజువు చేయవు, మోకాళ్ళు బాగున్నవారే పరుగు కొనసాగిస్తూ ఉండవచ్చు. కాని ఉదయం ఐదారు కిలోమీటర్లు పరుగెత్తేవాణ్ణి చూసి "ముసలితనంలో మంచం పడతావు" అని భయపెట్టడానికి ఆధారం లేదని మాత్రం చెబుతాయి.

బూట్లు అక్కర్లేదని నా ఉద్దేశం కాదు. వాటినుంచి ఏం ఆశించాలో తెలియాలి. పాదం వంపు కొలిచి, దానికి తగిన రకం బూట్లు ఇస్తే గాయాలు తగ్గుతాయన్న నమ్మకాన్ని అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరైన్ దళం తమ కొత్త సైనికుల ప్రాథమిక శిక్షణలోనే పరీక్షించాయి. వంపును బట్టి బూట్లు పొందినవారికీ, అందరికీ ఒకే రకం ఇచ్చినవారికీ గాయాలలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని 2009, 2010 సంవత్సరాలలో ఆ ఫలితాలు వెలువడ్డాయి. కానిస్టేబుల్ కొలువు కోసం పరుగెత్తే మా పిల్లలకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2022లో వెలువరించిన సమీక్ష కూడా, పాదం తీరును బట్టి బూట్లు ఎంచితే గాయాలు తగ్గుతాయనడానికి ఆధారం లేదనే తేల్చింది. నా తొమ్మిదివేలు ఎక్కడ పోయాయో అప్పుడు అర్థమైంది.

అయితే దేన్ని చూసి కొనాలి? కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన, శరీర కదలికల పరిశోధకుడు బెన్నో నిగ్ కాలికి హాయిగా ఉన్నదాన్నే ఎంచుకోమని 2015లో ప్రతిపాదించారు. ఇది వినడానికి చాలా చిన్న మాటగా ఉన్నా నా అనుభవంలో ఇంతకు మించిన కొలత దొరకలేదు. బూట్లు సాయంత్రం పూట కొనాలి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పరుగులో వేసుకునే మేజోళ్ళతోనే తొడగాలి. అన్నిటికంటే పొడుగైన వేలికి, అది బొటనవేలు కానక్కరలేదు, ముందు బొటనవేలి వెడల్పంత జాగా ఉండాలి. మా ప్రాంతంలో చిన్నప్పటినుంచి చెప్పుల్లేకుండా తిరిగినవారి పాదం ముందుభాగం తరచు వెడల్పుగా ఉంటుంది. ఇరుకైన బూటును "వాడితే సాగుతుంది" అని అమ్మేవాడి మాట నమ్మితే గోళ్ళు నల్లబడతాయి. దుకాణదారు ఒప్పుకుంటే బయటకు వచ్చి నాలుగు అంగలు పరుగెత్తి చూడాలి. ఒప్పుకోకపోతే మరో దుకాణానికి పోవాలి.

మరొక్క కొలత తెలుసుకోవడం మంచిది. మడమ కింద అట్ట మందానికీ, వేళ్ళ కింద మందానికీ ఉండే తేడా కొన్ని బూట్లలో శూన్యం, కొన్నిటిలో 12 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఆ తేడా తగ్గినకొద్దీ మోకాలి మీది భారం కొంత పిక్కకూ, మడమ వెనుక నరంలాంటి స్నాయువుకూ మారుతుంది. భారం చోటు మారుతుందే తప్ప మాయం కాదు. అందుచేత మోకాలి నొప్పి ఉందని ఒక్కరోజులో పలచటి అట్ట బూట్లకు, లేదా వట్టికాళ్ళకు మారినవాడు నెలలోపే పిక్క పట్టుకుని వస్తాడు. వట్టికాళ్ళ పరుగే సహజమని వాదించేవారు ఇథియోపియా వీరుడు అబెబె బికిలా పేరు తప్పక ఎత్తుతారు. 1960లో రోమ్ ఒలింపిక్ మారథాన్‌ను ఆయన వట్టికాళ్ళతో గెలిచిన మాట నిజమే. 1964లో టోక్యోలో బూట్లు తొడుక్కుని, అంతకంటే మూడు నిమిషాలు తక్కువ సమయంలో గెలిచిన మాటను వారు ఎందుకో చెప్పరు. సాధారణంగా పరుగు బూట్లు 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తాయంటారు. వారానికి 20 కిలోమీటర్లు పరుగెత్తే విద్యార్థికి అది దాదాపు ఆరు నుంచి తొమ్మిది నెలల మాట కనుక, ఒక మోస్తరు ధర బూట్లు కొని మిగిలిన డబ్బు గుడ్లకో, పప్పుకో ఖర్చుపెట్టమని నా సలహా.

నొప్పి వచ్చినవాడు పూర్తిగా మంచమెక్కనవసరం లేదు. పదికి రెండు మూడు పాళ్ళకు మించని నొప్పి, మరునాటి ఉదయానికి తగ్గిపోయేదైతే, దూరం సగానికి తగ్గించి కొనసాగించవచ్చు. అంతకు మించితే కొన్నాళ్ళు నడకకో, సైకిలుకో మారాలి. పెద్ద అంగలు మాని, అదే వేగంలో అడుగుల సంఖ్యను ఐదు నుంచి పది శాతం పెంచితే మోకాలి మీది భారం తగ్గుతుందని 2011లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. నాకు అన్నిటికంటే మేలు చేసింది ఈ పైసా ఖర్చు లేని మార్పే. దానితోపాటు రోజు విడిచి రోజు, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా నెమ్మదిగా లేచి కూర్చోవడం, ఒక మెట్టు మీద నిలబడి రెండో కాలిని మెల్లగా కిందికి దించడం, పక్కకు పడుకుని పైకాలు ఎత్తడం, వెల్లకిలా పడుకుని పిరుదులు పైకి లేపడం చేశాను. తొడ, పిరుదుల కండరాలు గట్టిపడటానికి మూడు నెలలు పట్టింది. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్ర వేసుకుని పరుగుకు దిగే అలవాటు మాత్రం వెంటనే మానాలి. మా వేసవి ఉక్కలో చెమటతో నీరు కోల్పోయిన శరీరానికి ఆ మాత్రలు మూత్రపిండాలకు ముప్పు తేవచ్చు; పైగా ఆగమని చెప్పే నొప్పి నోరు నొక్కేస్తాయి.

చివరగా, మా పిల్లలు పరుగెత్తే చోటు గురించి. వారికున్నది కాశీనగర్ వైపో, మహేంద్రతనయ నది దాటి పాతపట్నం వైపో వెళ్ళే తారురోడ్డు. రోడ్డు నడుమ ఎత్తుగా, నీరు జారేందుకు అంచులకు వాలుగా ఉంటుంది. లారీలకు భయపడి ఎప్పుడూ ఒకే అంచున పరుగెత్తేవాడికి ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. దాపునే చదునైన మట్టి మైదానం ఉన్న ఒక విద్యాసంస్థ గేటుకు ఉదయం ఏడింటిదాకా తాళం వేసి ఉంటుంది. వేసవిలో ఏడింటికి ఎండ చురుక్కుమంటుంది. నాలుగున్నరకు ఆ తాళం తీయించమని మేము ఇచ్చిన రెండు అర్జీలకు ఇంతవరకు జవాబు రాలేదు. సరిహద్దు జిల్లాల పేజీలో మీరు ఈ సంగతి ప్రస్తావిస్తే కదలిక రావచ్చు. అలాగే మా ప్రాంతపు పిల్లలు ఉద్యోగ ప్రకటనల వివరాలు తెలుగులో చదివేది మీ పత్రికలోనే కనుక, ఇకమీదట ఎత్తు, ఛాతీ కొలతలు, దరఖాస్తు గడువు వేసే చోటనే, పరుగు అలవాటు లేనివారు కనీసం నాలుగైదు నెలల ముందునుంచి, నడకతో కలిపి, వారానికి మూడు రోజులతో సాధన మొదలుపెట్టాలన్న రెండు వాక్యాలు కూడా ముద్రించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా