తేనెపట్టు కాల్చినవాళ్లకి శాలువాలా?

సంపాదకులకు,

అయ్యా, పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో 'తేనెటీగల పీడ విరగడ' అని, మా ఊళ్లో తేనెపట్టు కాల్చిన కుర్రాళ్లని మెచ్చుకుంటూ వచ్చిన వార్త గురించి ఈ ఉత్తరం. ఆ రోజే రాద్దామనుకున్నాను, దాళ్వా (రెండో పంట వరి) పనుల్లో కుదరలేదు. ఈలోగా కోపం చల్లారుతుందనుకున్నా, చల్లారలేదు.

వాటర్ ట్యాంకు కింద ఆ పట్టు కొత్తగా వచ్చిందేమీ కాదు. అవి ఏటా వస్తాయి, పూలున్నన్నాళ్లు ఉండి వాటంతటవే లేచిపోతాయి. ఈసారి ఎవరో రాయి విసిరితే నలుగురిని కుట్టాయి. పక్కనే బడి ఉంది కాబట్టి తీయించాల్సిందే, కాదనను. రాత్రిపూట పొగ పెట్టి ఈగల్ని లేపి పట్టు దింపేవాళ్లు మన లంకల్లో ఇంకా ఉన్నారు. వాళ్లని పిలవాలని ఎవరికీ తోచలేదు. వెదురుగడకి పెట్రోలు గుడ్డ చుట్టి అంటించారు. తెల్లారి చచ్చిన ఈగల్ని చీపుళ్లతో ఊడ్చి బకెట్లకెత్తారు. ఆ కుర్రాళ్లకి శాలువాలు, మీ పేపర్లో ఫొటో!

ఫొటో కింద 'స్వచ్ఛమైన పట్టు తేనె' అని రాశారు. పిల్ల పురుగులతో సహా పిండిన దాన్ని ఏ లెక్కన స్వచ్ఛమంటారు? తేనె పక్వానికొస్తే ఈగలే పట్టులోని గదులకి మైనం మూత వేస్తాయి. మూత పడని తేనెలో నీరెక్కువ. ఇరవై శాతం దాటకూడదని నిబంధన ఉంది, దాటితే పులుస్తుంది. ఆ తేనె ఇప్పటికి పొంగే ఉంటుంది, కొన్నవాళ్లని అడగండి.

అన్నిటికన్నా నవ్వొచ్చింది చివరి వాక్యం. ఇకమీదట ఇలాంటి పట్టుల్ని ఈగల పెంపకం పెట్టెల్లోకి మార్చి రైతులకిస్తామని ఒక అధికారి చెప్పారట. అది కొండ తేనెటీగ సార్. ఆరుబయట ఒక్కటే పెద్ద పట్టు కడుతుంది, పెట్టెలో ఉండదు. మన నాటు ఈగల్లో పెట్టెలో పెంచేది పుట్టల్లో, చెట్టు తొర్రల్లో ఉండే చిన్న ఈగని. ఇంత చిన్న సంగతి ఆయనకీ తెలియదు, రాసుకున్న మీ విలేకరికీ తెలియదు.

పెట్టెలంటే గుర్తొచ్చింది. 2020లో కేంద్రం తేనెటీగల పెంపకానికి 500 కోట్లు ప్రకటించింది, తీపి విప్లవమన్నారు. మాకూ రెండు రోజుల శిక్షణ జరిగింది. భోజనం బాగుంది, సర్టిఫికెట్ ఇచ్చారు, తర్వాత పెట్టెలూ వచ్చాయి. ఈగలు రాలేదు. అడిగితే అది వేరే సెక్షన్ అన్నారు. ఆ పెట్టెల్లో మా వీధిలో ఒకాయన కోళ్లు పొదిగిస్తున్నాడు.

నేను మటుకు తొర్రల్లో వెతికి ఆరు ఈగల కుటుంబాల్ని పట్టి, పెట్టెల్లో ఉంచి కొబ్బరితోటలో పెట్టుకున్నాను. 1990లలో ఈగల పిల్ల పురుగుల్ని చంపే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ వచ్చి దక్షిణాదంతా ఈ ఈగల్ని తుడిచిపెట్టినప్పుడు మా నాన్నగారి పెట్టెలూ ఖాళీ అయ్యాయి. అప్పుడు రోగం. ఇప్పుడు పురుగుమందు కొట్టే డ్రోన్లు. వరి పూత విప్పేది పొద్దున తొమ్మిది, పది గంటలకి, ఈగలు పుప్పొడికి పోయేదీ అప్పుడే. సరిగ్గా ఆ వేళకే మందు కొడతారు. సాయంత్రం కొట్టండయ్యా అంటే, డ్రోను అప్పుడు ఇంకో ఊరికి బుక్కయిందంటారు. వాళ్లే మళ్లీ కొబ్బరి పిందె నిలవడం లేదని గోల. మన పొడుగు రకం కొబ్బరిలో ఒకే గెలకి మగపూలు రాలిపోయాకగానీ ఆడపూలు విచ్చుకోవు. పక్క చెట్టు పుప్పొడి మోసుకొచ్చే ఈగని చంపుకుని పిందె రాలిందంటే ఎలా?

ఆరు పెట్టెల్లో నాలుగు మిగిలాయి. ఖాళీ అయిన రెండింటికీ మైనపు పురుగు పట్టింది. పూత మీదున్న చేలో పొద్దున పది గంటలకి డ్రోను తిరగకుండా ఎవరికి ఫోన్ చేయాలో మీ విలేకరికి తెలిస్తే, రేపు ఆ నంబరు వేయించండి. శాలువా ఫొటో వేసినంత పెద్దగా అక్కర్లేదు, ఓ మూలనైనా చాలు.

ఇట్లు,
నాలుగు పెట్టెల రైతు,
అంబాజీపేట మండలం, కోనసీమ