మిషన్‌కు 35 శాతం, మనిషికి 15 రోజులు

గౌరవనీయులైన రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి,

నెల్లూరు నుంచి రాస్తున్నాను. మా బంధువుల్లో చాలామంది బియ్యం మీద బతికినవాళ్లే కాబట్టి మిల్లు సంగతే చెబుతాను.

ఒకప్పుడు ఆడవాళ్లు చేటలు పట్టుకుని వరసగా కూర్చుని నల్లగింజలు, మట్టిబెడ్డలు ఏరేవాళ్లు. ఇప్పుడా పని సార్టెక్స్ మిషన్‌ది. బియ్యం జారుతుంటే కెమెరా చూస్తుంది, రంగు తేడా ఉన్న గింజను గాలి దెబ్బతో పక్కకు ఊదేస్తుంది. కాటాను కంప్యూటర్‌కు కలిపాక బిల్లు దానంతటదే వస్తోంది, గుమస్తాతో పని లేదు. మిషన్ వద్దని నేననను. బెడ్డలున్న బియ్యం నేను మాత్రం కొంటానా?

చిన్న ఆహారశుద్ధి యూనిట్లకు కేంద్రం పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద మిషన్ల లాంటి పెట్టుబడి ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు సబ్సిడీ ఇస్తోంది. మరి మిషన్ వల్ల పని పోయినవాళ్లకు? 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో రీస్కిల్లింగ్ ఫండ్ అని, పని పోయినవాళ్లు కొత్త పని నేర్చుకోవడానికి ఒక నిధి పెట్టారు. దాన్నుంచి వచ్చేది 15 రోజుల జీతం. ఆ డబ్బుతో ఏ కొత్త పని నేర్చుకోవచ్చో రాసినవాళ్లకే తెలియాలి. అదైనా రిట్రెంచ్‌మెంట్ అని, అంటే యజమానే పని నుంచి తీసేశాడని, కాగితం మీద ఉంటేనే. మా దగ్గర ఆ కాగితం ఎవరిస్తారండీ? ‘పనుంటే కబురు చేస్తాంలే’ అంటారు, అంతే. చాలాచోట్ల హమాలీకి మస్టర్‌లో (హాజరు పుస్తకంలో) పేరు లేదు, గుమస్తాకు పీఎఫ్ లేదు. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల కూలీల పరిస్థితీ దీనికి పెద్ద తేడాగా ఉండదు.

ఇలాంటి గుమస్తా జీతాలతోనే పిల్లల్ని ఇంజినీరింగ్ చదివించి చెన్నైకో బెంగళూరుకో పంపిన ఇళ్లు మా ఊళ్లో వీధికొకటి ఉంటాయి. ఆ పిల్లల్లో చాలామందికి మొదట దొరికేది సాఫ్ట్‌వేర్ టెస్టింగో, సపోర్టో. ఏఐ ముందుగా చెయ్యి పెడుతున్నదీ అక్కడే. ఇంటి లోను ఈఎంఐ కొడుకు కడుతూ, సరుకుల ఖర్చు తండ్రి చూసుకునే ఇంట్లో రెండు జీతాలకూ ఒకేసారి టెన్షన్ పట్టుకుంది.

అందుకే నేనడిగేది. సబ్సిడీ ఫైలుతో పాటు ఆ మిల్లులో ఇవాళ పనిచేస్తున్నవాళ్ల జాబితా, హమాలీలతో సహా, మీ లేబర్ ఆఫీసుకు వచ్చేలా చూడండి. మిషన్ దిగకముందే, జీతం నడుస్తుండగానే, దాన్ని నడపడం, రిపేరు చేయడం వాళ్లలో కొందరికైనా దగ్గర్లోని ఐటీఐలో నేర్పించండి. ఆ ఖర్చు సబ్సిడీలోంచే మినహాయించినా మిల్లు ఓనర్లు మునిగిపోరు.

ముందు మా జిల్లాలో మొదలుపెట్టి చూడండి. జాబితాలు రాయడానికి మనుషులు చాలకపోతే చెప్పండి, చేతిరాత బాగున్న గుమస్తాలు ఇక్కడ చాలామందే ఖాళీగా ఉన్నారు.

ఇట్లు,
ఒక నెల్లూరు వాసి