దారం సిద్ధాంతం కుప్పకూలింది

ఒరేయ్ బుల్లీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకో, పడతాను. మధ్యలో రెండుసార్లు మొదలుపెట్టాను. ఒకటి సగంలో ఆగిపోయింది, రెండోది ఎక్కడ పెట్టానో దొరకలేదు. ఇక్కడ అందరం కులాసా. చిన్నదాని పరీక్షలయ్యాయి, నా మోకాలు ఎప్పటిలాగే సతాయిస్తోంది, ఆఫీసు గురించి రాయడానికేం లేదు. అవన్నీ అయిపోయాయి కదా, ఇక అసలు సంగతి.

మొన్న మంగళవారం అర్ధరాత్రి రెండింటికి నేనెక్కడున్నానో చెప్పుకో. మా బిల్డింగ్ ఓవర్‌హెడ్ ట్యాంకు మీద! చేతిలో గీతలు గీసిన పొడుగాటి కర్ర. పక్కన టార్చి పట్టుకుని వాచ్‌మన్, "మేడమ్‌గారికి చెప్పే వచ్చారా సార్?" అని మూడోసారి అడుగుతున్నాడు.

ఏమైందంటే, ఉన్న రెండు బోర్లలో ఒకటి ఎండిపోయింది. మూడోది వేద్దామని కమిటీ తీర్మానం రాసేసింది. నేను ఊరుకోవచ్చుగా? "అసలు ఉన్న నీళ్లెక్కడికి పోతున్నాయో ముందు చూద్దాం" అన్నాను. నేను బీకరు పగలగొట్టిన రోజు మేష్టారు చూశారే, అచ్చం అలా చూశారందరూ. సెక్రటరీగారైతే, "సరే, మీరే చూడండి" అని నా నెత్తిన పెట్టేశారు.

ట్యాంకు అయిదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు. అంటే నీటిమట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 200 లీటర్లు పోయినట్టు. మోటరు ఆపేసి, రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి కర్ర ముంచి చూశాను. అయిదు సెంటీమీటర్లు! 48 ఇళ్లూ గుర్రుపెట్టి నిద్రపోతుంటే రెండు గంటల్లో 1,000 లీటర్లు మాయం. రోజంతా అదే లెక్కన పోతే 12,000. ఎండాకాలంలో మేం తెప్పించుకునే ట్యాంకర్లు గుర్తొచ్చి కడుపు మండిపోయింది.

నువ్వెలాగూ అంటావు, "ట్యాంకే కారుతోందేమోరా బడుద్ధాయ్" అని. అదీ చూశాం. మర్నాటి రాత్రి కిందికి దిగే నాలుగు లైన్ల వాల్వులూ కట్టేశాం. కర్ర మీద గీత కదల్లేదు, ట్యాంకు గట్టిదే. తర్వాత ఒక్కో లైనే తెరుస్తూ పోతే, పోయేదాంట్లో సగం మూడో లైనులోనే అని తేలింది. నగరాల్లో నీళ్లవాళ్లు చేసేదీ ఇదేనట. ఊరిని జోన్లుగా విడగొట్టి, జనం పడుకున్నాక మీటరు చూస్తారు. ఆ వేళకి కుళాయిలన్నీ కట్టేసి ఉంటాయి కాబట్టి పైపుల్లో ప్రెషర్ పెరుగుతుంది, దాంతోపాటు లీకూ పెరుగుతుంది. ఇవన్నీ నీకు తెలిసినవే, అయినా నా నోటితో విను. ఇన్నేళ్లూ నువ్వు చెప్పావు, నేను విన్నాను.

ఆదివారం పెద్ద తతంగం. ప్రతి ఫ్లష్ ట్యాంకులోనూ నాలుగు చుక్కలు ఎర్రరంగు వేసి, ఇరవై నిమిషాలు ఎవరూ ఫ్లష్ కొట్టకూడదని హుకుం. పిల్లల్ని సైన్యంలా పంపాను. నొక్కకుండానే రంగు కిందికి దిగితే లోపల వాషరు పోయినట్టే. 96 ట్యాంకుల్లో 23 దిగాయి! ఒక పెద్దాయన సంగతి తెలియక లోపలికెళ్లి, ఆ ఎరుపు చూసి డాక్టరుకి ఫోన్ చేయబోయాడట. ఆ ముక్క తర్వాత రాస్తాలే. 23లో ఒకటి మా ఇంట్లోదే, దానిమీద నువ్వేమీ అనకు.

ఇప్పుడు నీ పని చెప్తా. హాస్టల్లో మన గది కుళాయికి నువ్వు దారం కట్టావు గుర్తుందా? చుక్క టప్‌మనకుండా దారం వెంట జారిపోతుందని. "శబ్దం పోతే సమస్య పోయినట్టే" అని నువ్వు సిద్ధాంతం చేస్తే, నేను హాయిగా నిద్రపోయాను కూడా. ఒరేయ్, ఆ 23 ట్యాంకుల్లో ఒక్కటీ చప్పుడు చెయ్యలేదురా! గోడ వెంట సన్నగా జారిపోతున్నాయి, నీ దారంలాగే.

వీటన్నిటినీ మించింది ఇంకోటి. మూడో లైనులో ఎవరింట్లో చూసినా అంత లీకు కనబడదు. చివరికి రెండేళ్లుగా తాళం వేసున్న ఇంటి వాల్వు కట్టి చూస్తే, రోజుకి 3,600 లీటర్లు అక్కడే పోతున్నాయని తేలింది. బిల్డింగ్ మొత్తంలో ఎక్కువ నీళ్లు వాడుతున్నది మనిషన్నవాడే లేని ఇల్లు! నాకు నవ్వాగలేదు. ఆ తర్వాత కాసేపు ఏడుపొచ్చినంత పనైంది.

వాషర్లు మార్చాక మళ్లీ కర్ర ముంచాం. రెండు గంటల్లో అర సెంటీమీటరు. రోజుకి 12,000 పోయేది 1,200 అయింది. బోరు తీర్మానం ప్రస్తుతానికి అటకెక్కింది.

నువ్వు దూరం నుంచి నీళ్లు తెచ్చే పెద్ద పైపుల మనిషివి, నీ వృత్తికి ద్రోహం చేస్తున్నాననుకోకు. అమెరికాలో బోస్టన్ వాళ్లు కూడా కనెక్టికట్ నది నీళ్లు మళ్లించాలని చాలాకాలం ప్లాన్లు గీశారు. 1980ల చివర్లో లీకులు పట్టడం, ఇళ్లల్లో షవర్లు, కుళాయిలు మార్చడం మీద పడ్డారు. వాడకం ఎంత పడిపోయిందంటే, ఆ మళ్లింపు అవసరమే రాలేదు. కంబోడియా రాజధాని నోమ్ పెన్‌లో 1993లో పంపిన నీళ్లలో 72 శాతం లీకులకీ, దొంగ కనెక్షన్లకీ పోయి లెక్కలోకే వచ్చేది కాదు. ఎక్ సోన్ చాన్ అనే ఆయన అక్కడి నీటి సంస్థ పగ్గాలు పట్టి దాన్ని దాదాపు 6 శాతానికి దించాడు. ఒక సైన్యాధికారి ఇంటికి మీటరు పెట్టబోతే తుపాకీ చూపించారట. నాకు సెక్రటరీగారి చూపు ఒక్కటేగా, అదృష్టవంతుణ్ణి.

మీటరంటే గుర్తొచ్చింది. అసలు గొడవ ఇప్పుడు మొదలైంది. మా మూడో అంతస్తు మామ్మగారు ఒక్కరే ఉంటారు. పక్కింట్లో ఏడుగురు. నీళ్ల ఖర్చు మాత్రం అందరికీ సమానం. "బాబూ, నేను బట్టలు జాడించిన నీళ్లతో నేల తుడుస్తాను. నాకొరిగిందేమిటి?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. ఇంటింటికీ మీటరు పెట్టమన్నాను. ఎక్కువ వాడినకొద్దీ రేటు పెరిగేలా పెడదామని ఒకాయన అన్నాడు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఏడుగురున్న ఇంట్లో తలా కాస్త వాడినా మొత్తం ఎక్కువే అవుతుందిగా? అది పొదుపు లేకపోవడమా, జనం ఎక్కువుండటమా? తలసరి చూద్దామంటే తలలు లెక్కపెట్టేదెవరు? దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో కరువొచ్చి 2018లో మనిషికి రోజుకి 50 లీటర్లు మించొద్దన్నారు. మూడేళ్లలో నగరం వాడకం సగానికి పైగా తగ్గింది. అది భయంతో వచ్చిన తగ్గుదల. భయం లేకుండా ఎలా...

మామ్మగారింట్లో ఇంకోటి చూశాను. నాలుగు డ్రమ్ములు నింపి పెట్టుకుంటారు. కొత్తనీళ్లు రాగానే పాతవి పారబోస్తారు. అంత పొదుపరి! నీళ్లు ఆగి ఆగి వచ్చేచోట చాలామంది అంతేనట. వస్తాయన్న నమ్మకం లేకే ఎక్కువ పారబోస్తారు. నేనేమీ అనలేదు. ఎలా అంటాను?

అరె, పిలుస్తున్నారు. మీటర్ల మీటింగు మొదలైందట, మామ్మగారు ముందువరసలో కూర్చున్నారట. పెద్దాయన డాక్టరు కథ ఈసారి. నువ్వు రాత్రి మీ ట్యాంకు

సరే, పరిగెత్తాలి.

నీ
బీకరు