హొరోపోకు అరగంట చాలదు: నార్త్ కరొలైనా సాంస్కృతిక శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

నమస్కారం. ఏటా సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 దాకా హిస్పానిక్ వారసత్వ మాసం. ఆ నెల రోజులూ హొరోపో అనే వెనిజులా జానపద సంగీతంలో హార్ప్ వాయించేవాళ్లకు ఫోన్లు ఆగవు. లైబ్రరీ పిలుస్తుంది, బడి పిలుస్తుంది, పార్కు పిలుస్తుంది. మిగతా పదకొండు నెలలూ ఆ చేతులే ప్లైవుడ్ మోయాలి, గోడలకు రంగులు వేయాలి. మేం అడిగేది ఒక్కటే. ఈ కళాకారులను ఏడాది పొడవునా పనిచేసే గురువులుగా, వాద్యకారులుగా లెక్కలోకి తీసుకోండి. మీ నిధుల నిబంధనలను అందుకు తగ్గట్టు సవరించండి.

లారీ బెయోరిన్ పేరు మీరు వినే ఉంటారు. వెనిజులాలోని మోనాగాస్ రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ ఆశ్రయం కోరిన హార్ప్ విద్వాంసుడు. ఇల్లు గడవడానికి భవన నిర్మాణ పనులకు వెళ్లారు. విన్‌స్టన్-సేలంకు చెందిన బాంజో వాద్యకారుడు జో ట్రూప్‌తో జత కుదిరాక 2023లో ఇద్దరి ఆల్బమ్ వచ్చింది, ఊరూరా కచేరీలు మొదలయ్యాయి. ఆ జత కుదరడం వాళ్ల అదృష్టం. బాంజోకు ఈ రాష్ట్రంలో ఆసరా తక్కువేం కాదు, బాంజో ప్రధానంగా వినిపించే అమెరికన్ జానపద శైలి బ్లూగ్రాస్ అంతర్జాతీయ ఉత్సవం 2013 నుంచి 2024 దాకా రాలీలోనే జరిగింది. వెనిజులా విడిచి వెళ్లినవారు దాదాపు 79 లక్షల మంది. వాళ్లలోని వాద్యకారులందరికీ ఒక జో ట్రూప్ దొరకడు.

ముందు వేదిక సంగతి. హొరోపో మేళమంటే హార్ప్, క్వాత్రో (నాలుగు తీగల చిన్న గిటారు), మరాకాస్ (చేత్తో ఆడించే గిలకలు), బేస్, గాత్రం. యానోస్ మైదానాల హార్ప్‌కు సాధారణంగా 32 నైలాన్ తీగలుంటాయి, పెడళ్లు ఉండవు. కచేరీ మధ్యలో శ్రుతి మారిస్తే కొన్ని తీగలను చేత్తో మళ్లీ బిగించుకోవాలి. అందుకే పాటల వరుసను శ్రుతుల ప్రకారం ముందే పేర్చుకుంటారు. "చివర్లో ఇంకో పాట పాడండి" అని అప్పటికప్పుడు అడిగితే ఇబ్బంది. చలికాలంలో వ్యాను దించి హీటర్ నడుస్తున్న హాల్లోకి తెచ్చిన హార్ప్ వెంటనే శ్రుతి నిలబెట్టదు. గంట ముందే లోపల పెట్టి, ఆ తర్వాత తీగలు సరిచేసుకోవాలి. మీరిచ్చేది అరగంట. అందులో సగం శ్రుతికే పోతే ప్రేక్షకుడికి మిగిలేదేమిటి?

సౌండ్‌వాళ్లు రెండు గాత్రం మైకులు పెట్టి ఊరుకుంటారు. కనీసం ఐదారు లైన్లు కావాలి. మరాకాస్‌ను పక్కవాద్యమనుకుని తగ్గించేస్తారు, అక్కడే కచేరీ చెడుతుంది. హొరోపోలో ఒకే ఆరు మాత్రలను ఒక వాద్యం రెండు మూళ్లుగా, ఇంకొకటి మూడు రెళ్లుగా నడుపుతుంది. మన తిశ్ర నడకలో పెరిగిన చెవికి ఈ లాగుడు ఇట్టే తెలుస్తుంది. ఆ రెండు లెక్కలనూ కలిపి పట్టేది మరాకాస్. క్వాత్రోలో అరచేత్తో తీగలను అణిచి కొట్టే దెబ్బ ఇంకో ఆధారం. 'పోర్ కొర్రీయో', 'పోర్ దెరెచో' అనే రెండు నడకల్లో ఆ దెబ్బ పడే చోటు మారుతుంది. ఈ రెండూ వినిపించకపోతే మిగిలేది హడావుడే.

ఇక బడులు. ఇక్కడి సంగీతం గదుల్లో ఉకులేలేలు మామూలే. వాటి తీగలు జి-సి-ఇ-ఎ, క్వాత్రోవి ఎ-డి-ఎఫ్ షార్ప్-బి. తీగల వరుసలో స్వరాల దూరాలు రెంటికీ ఒకటే కనుక కార్డులకు వేళ్లు పెట్టే తీరు మారదు. క్వాత్రోలో రెండు అంచు తీగలు మాత్రం ఒక స్థాయి కింద పలుకుతాయి. కాబట్టి కొత్త వాద్యాలు కొనకముందే, ఉన్న ఉకులేలేలతో కుడిచేతి వాటం నేర్పించవచ్చు. పట్టు దొరికిన పిల్లలకు తర్వాత నాలుగైదు క్వాత్రోలు చాలు. ఒక జాగ్రత్త: క్వాత్రో తీగ తెగితే ఉకులేలే తీగ వేయకూడదు. అంచు తీగను ఆ పొడవు మీద పై స్థాయికి లాగితే పుటుక్కుమంటుంది. ఇలాంటివి చెప్పగల మనిషి బడిలో వారానికి రెండు పూటలు ఉండాలి. ఏడాదికోసారి వచ్చి పోతే కుదరదు.

అనుమతుల చిక్కు ఫెడరల్ ప్రభుత్వానిదని మాకు తెలుసు. వెనిజులావారి తాత్కాలిక రక్షణకు 2025లో ముగింపు పలికింది వాళ్లే. ఆశ్రయం కోరినవారు దరఖాస్తు చేసిన 150 రోజుల తర్వాతే పని అనుమతి (ఈఏడీ) అడగాలి. రెన్యువల్‌కు గడువుకు 180 రోజుల కంటే ముందుగా దాఖలు చేయలేరు. 2025 అక్టోబరు 30 నుంచి దాఖలైనవాటికి పాత కార్డు దానంతటదే పొడిగింపయ్యే వెసులుబాటు కూడా పోయింది. విదేశీ కచేరీకి ముందస్తు అనుమతి లేకుండా వెళితే ఆశ్రయ దరఖాస్తును వదులుకున్నట్టే. కచేరీ ఒప్పందాలేమో ఏడాది ముందు కుదురుతాయి. కార్డు గడువు కచేరీ తేదీకి ముందే తీరిపోతుందని చూసిన నిర్వాహకుడు నెమ్మదిగా తప్పుకుంటాడు.

మీ చేతిలో ఉన్నది ఇక్కడే. పని అనుమతిని సంతకం రోజున ఒకసారి, కచేరీకి ముందు ఒకసారి చూడమనండి. మధ్యలో గడువు తీరితే ఒప్పందం రద్దు కాకుండా తేదీ వాయిదా పడాలి, నిధి అలాగే నిలిచి ఉండాలి. ఏ దరఖాస్తులోనైనా పౌరసత్వం, గ్రీన్‌కార్డు గడులు మాత్రమే ఉంటే చెల్లుబాటయ్యే పని అనుమతికి మూడో గడి చేర్చండి. ఖర్చుపెట్టి రసీదులు తెస్తే తిరిగిస్తామనే పద్ధతి కూలి డబ్బుతో బతికేవాడికి పనికిరాదు, సగం ముందే ఇవ్వండి.

క్యారీ, మోరిస్‌విల్ తెలుగువాళ్లు కూడా చదవాలనే దీన్ని తెలుగులో పెడుతున్నాం. ఈఏడీ లేకుండా హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి జీవిత భాగస్వామి వీసా) మీద ఉన్న కూచిపూడి గురువు ఫీజు తీసుకోలేక ఊరికే నేర్పడం మనకు తెలిసిందే. అనుమతి ఉన్నవాళ్లను కూడా మన సంఘాలే "మనవాళ్లే కదా" అంటూ భోజనం పెట్టి పంపేస్తాయి. ఆ అలవాటు మానకుండా మీ శాఖను అడిగే నైతిక హక్కు మాకు సగమే ఉంటుంది.

వచ్చే బడ్జెట్‌లో కనీసం రెండు కౌంటీల బడుల్లో ఏడాది పాటు ఈ వారానికి రెండు పూటల శిక్షణ నడిపి చూడండి. వాద్యాల జాబితా, సౌండ్ లైన్ల పట్టిక, నమూనా ఒప్పందం తయారు చేసి ఇస్తాం.

ఇట్లు,
ట్రయాంగిల్ (రాలీ చుట్టుపక్కల) ప్రాంతంలోని కొందరు తెలుగు సంగీత శిక్షకులు, కచేరీ నిర్వాహకులు