ఆసుపత్రికి చెరువే దొరికిందా?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ లేఖల పేజీలో ఒక రిటైర్డ్ మాస్టారు రాసింది చదివాను. టౌను చుట్టుపక్కల ఎండిపోయిన చెరువులు చిల్లచెట్లకు, పేకాటరాయుళ్లకు తప్ప ఎందుకూ పనికిరావడం లేదని, వాటిని రక్షిత భూములని అట్టిపెట్టుకుని కూర్చునే బదులు అందులో పెద్దాసుపత్రులు కడితే గుంటూరుకూ చెన్నైకీ పరిగెత్తే బాధ తప్పుతుందని ఆయన వాదన. మాస్టారి బాధ నాకు తెలియనిది కాదు. ఇరవై రెండేళ్లుగా ఒంగోల్లో మందుల షాపు నడుపుతున్నాను. రాత్రి షట్టర్ దించబోతుంటే చీటీ పట్టుకుని పరిగెత్తుకొచ్చే వాళ్ల ముఖాలు ఎలా ఉంటాయో రోజూ చూసేవాణ్ణి. కానీ ఆయన మందు రాసింది వేరే రోగానికి.

మన వైపు రోగం వస్తే ముందు బంగారం తాకట్టు పెడతారు, తర్వాతే ఆసుపత్రికి బయల్దేరతారు. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చాక ఆ తాకట్లు కొంత తగ్గాయి, అది ఒప్పుకోవాలి, ఏ పార్టీ వాళ్లయినా. తర్వాత పేర్లు మారాయి, పరిమితి 25 లక్షల దాకా పెరిగింది, మధ్యలో బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేయడమూ చూశాం. ఇన్ని మార్పుల్లో నా కౌంటరు దగ్గర మారనిది ఒకటే, "ఇది లోపల లేదంట, బయట కొనుక్కోమన్నారు" అనే మాట.

ఇక నా సొంత సంగతి. మూడేళ్ల కిందట మా మేనమామకు తెల్లవారుజామున మూతి వంకరపోయి, ఎడమ చెయ్యి పడిపోయింది. రక్తం గడ్డ కట్టి వచ్చిన పక్షవాతమైతే దాన్ని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి, అదీ తలకు స్కాన్ తీసి లోపల రక్తస్రావం లేదని తేలాకే. ఆ మాత్రం తెలిసినవాణ్ణి కాబట్టి ఆటో కోసం కూడా చూడకుండా పక్కింటాయన కారులో గంటన్నరలో ఒక ప్రభుత్వాసుపత్రికి చేర్చాను. పేరు ఎందుకులెండి. బిల్డింగు ఉంది, మంచం ఉంది, స్కానింగ్ మెషీను కూడా ఉంది, దాని మీద ప్లాస్టిక్ కవరు కప్పి ఉంది. నడిపే మనిషి లేడు. డ్యూటీలో ఉన్న అమ్మాయి, హౌస్ సర్జన్ అనుకుంటా, పక్కకు పిలిచి "అన్నా, టైం వేస్ట్ చేసుకోకు, బయటికి తీసుకుపో" అని మెల్లగా చెప్పింది. ఆ పిల్ల మీద నాకు ఇప్పటికీ గౌరవమే. బయట స్కాన్ తీయించి రిపోర్టు చేతికొచ్చేసరికి టైం దాటిపోయింది. మామ ఇప్పుడు ఎడం చేత్తో గ్లాసు పట్టుకోలేడు.

ఆ పొద్దు మాకు లేకుండా పోయింది ఐదెకరాల స్థలమా మాస్టారూ? టెక్నీషియన్ ఒక్కడు.

ఇప్పుడు చెరువు దగ్గరికి వద్దాం. మాది దర్శి వైపు. నెలకోసారి మా వైపు నుంచే ఒక పెద్దాయన బస్సెక్కి నా షాపుకు వస్తాడు. ఆయనకు మెడ తిరగదు. చిల్లర చేతిలో పెడితే తల వంచి చూసుకోలేడు, చెయ్యే కళ్ల ఎత్తుకు లేపి లెక్కపెట్టుకుంటాడు. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం, కర్రతో సహా, గడియారం ముల్లులా మెల్లగా తిరగాలి. పళ్లకు చిన్నప్పటి నుంచీ గార. అడిగేది ఎప్పుడూ నొప్పి బిళ్లలే. రోజూ మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి పెద్దాయనా అని నేను చెప్పడం, "రాత్రికి కాస్త నిద్రన్నా పడుతుంది కదా నాయనా" అని ఆయన అనడం, ఇదే మా ఇద్దరి సంభాషణ కొన్నేళ్లుగా. ఇదంతా తాగిన నీళ్లలోని ఫ్లోరైడ్ చేసిన పని, ఫ్లోరోసిస్ అంటారు. ఎముకల్లో పేరుకుపోయిన ఫ్లోరైడ్‌ను వెనక్కి లాగే మందు లేదు. ఎన్ని అంతస్తుల సూపర్ స్పెషాలిటీ కట్టినా ఆయనకు అక్కడ రాసిచ్చేది నా అరలో ఉన్న ఆ బిళ్లలే.

ఈ జబ్బు మనకు నిన్న మొన్న వచ్చింది కాదు. ఫ్లోరోసిస్ మన దేశంలో ఉందని మొదట బయటపడి వైద్య పత్రికకెక్కింది 1937లో, అదీ అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు నెల్లూరు కిందే ఉండేవి, ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. ముందు ఎద్దులు కాళ్లీడుస్తుంటే రైతులు గమనించారని, మనుషుల సంగతి తర్వాత తేలిందని చెబుతారు. దాదాపు తొంభై ఏళ్లు అయింది. అంటే నా కౌంటరు ముందు నిలబడే పెద్దాయన పుట్టకముందే ఆయన జబ్బు పేరు డాక్టర్లకు తెలుసు.

కారణం కూడా దాచిపెట్టిన రహస్యం కాదు. మన కింద ఉన్న రాతిలో ఫ్లోరైడ్ ఉంది, నీళ్లు రాతిలో ఎంతకాలం నిలవుంటే అంత కరిగించుకుంటాయి. వాన నీటిలో అది ఉండీ లేనట్టే. చెరువు నిండితే ఆ నీరు మెల్లగా కిందికి దిగి చుట్టూ ఉన్న బావుల్లో నీళ్లను పలచన చేస్తుంది, చెరువు ఎండితే జనం బోరు వేస్తారు, ఆ బోరు ఎండితే ఇంకో వంద అడుగులు దింపుతారు, పాత రాతి నీళ్లు పైకొస్తాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 దాటకూడదని ప్రమాణం. ఇప్పుడు ఊరూరా క్యాన్ నీళ్లు కొంటున్నాం కదా అంటారు. తాగడానికి కొంటారు సరే, కూలికెళ్లి చేలో దాహమేసినప్పుడు బోరు దగ్గరే కదా దోసిలి పట్టేది, అన్నం వండేదీ చాలా ఇళ్లలో ఆ నీళ్లతోనే. కాలవ నీళ్లొస్తాయని ఎదురుచూద్దామంటే వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది 1996లో, అప్పుడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. అందుకే చెరువు పూడ్చి ఆసుపత్రి అనే మాట ఏ జిల్లాలోనైనా అనొచ్చేమో గానీ, ఈ జిల్లాలో మాత్రం అనకూడదు.

చెరువులు ఎండిపోయాయి కదా అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి, దాటేస్తే బాగుండదు. అవి వాటంతట అవి ఎండలేదు. వాగు నుంచి నీళ్లొచ్చే కాలవ మీద ఇళ్లు లేచాయి, తూము షట్టర్ తుప్పుపట్టి ఊడిపోయింది, పూడిక తియ్యమంటే మట్టి అమ్ముకునే వాళ్లు గుంతలు తవ్వి వదిలేశారు. సిగ్గుపడుతూ ఇంకో మాట కూడా రాస్తున్నాను, మా తాత కూడా చెరువు లోపలికి రెండెకరాలు కలుపుకున్నవాడే. మా నాన్న హయాం దాకా అందులో జొన్న వేశాం. కాబట్టి నేనేదో కట్ట మీద కూర్చుని నీతులు చెబుతున్నానని అనుకోవద్దు, దొంగల్లో మా ఇల్లూ ఉంది. కానీ ముందు నీళ్లు రాకుండా చేసి, తర్వాత నీళ్లు రావడం లేదు కాబట్టి ఇది చెరువు కాదని రాసుకోవడం ఎక్కడి న్యాయం?

చట్టం సంగతి కూడా మాస్టారు తేల్చేశారు, ప్రజావసరానికి మినహాయింపు ఉందని. ఆయన చెబుతున్నది 2011 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన జగ్‌పాల్ సింగ్ కేసు తీర్పు అని నా అనుమానం. పంజాబ్‌లో పాటియాలా జిల్లాలో ఒక ఊరి కుంటను కొందరు పూడ్చి ఇళ్లు కట్టుకున్న కేసు అది. ఊరి ఉమ్మడి భూముల్లోంచి ఆక్రమణదారులను ఖాళీ చేయించే పథకాలు వెయ్యమని అన్ని రాష్ట్రాలకూ కోర్టు చెప్పింది. ఏళ్ల తరబడి ఉన్నామనో, డబ్బు ఖర్చుపెట్టి కట్టుకున్నామనో చెబితే చెల్లదంది. క్రమబద్ధీకరణకు ఇచ్చిన అరుదైన మినహాయింపుల్లో బడి, డిస్పెన్సరీ ఉన్న మాట నిజమే. కానీ అక్కడ "ఇప్పటికే ఉన్న" అనే మాట ఉంది. ఉన్న డిస్పెన్సరీని కూల్చక్కర్లేదు అనడానికి, చెరువు చూసుకుని కొత్తగా కట్టండి అనడానికి చాలా తేడా ఉంది. కేంద్రం 2017లో తెచ్చిన చిత్తడి నేలల నిబంధనలు కాపాడతాయిలే అనుకునే వాళ్లకు ఇంకో కబురు, సాగుకూ తాగునీటికీ మనుషులు తవ్వుకున్న చెరువులు ఆ నిబంధనల లెక్కలోకే రావు. మన చెరువులు దాదాపు అన్నీ అవే. అంటే చెరువు పోరంబోకు అనే ఆ రెవెన్యూ రికార్డు మాటే మనకు మిగిలిన ముఖ్యమైన కట్ట. అదీ తెగితే కష్టమే.

మరి అధికారుల చూపు చెరువు మీదే ఎందుకు పడుతుంది? పోరంబోకు ఊరికే వస్తుంది కాబట్టి. ప్రైవేటు భూమి తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం కట్టాలి, నోటీసులు, అభ్యంతరాలు, కోర్టులు. చెరువైతే సర్వే రాళ్లు నాలుగు పాతి, సున్నం కొట్టి, శిలాఫలకం పెడితే అయిపోయింది. అభ్యంతరం చెప్పడానికి కొంగలకు నోరు లేదు. ఇందులో ఇంకో చిక్కు ఉంది. మార్కాపురం మెడికల్ కాలేజీని ప్రభుత్వమే నడుపుతుందా, పీపీపీ (ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం) అని ప్రైవేటుకు అప్పగిస్తుందా అని 2025 సెప్టెంబరు నుంచీ గొడవ చూస్తూనే ఉన్నాం. ఆ గొడవలో ఎవరిది ఒప్పో ఇక్కడ రాయను, ఒక్కటి మాత్రం అడుగుతాను. రేపు చెరువులో ప్రభుత్వాసుపత్రి అని మొదలెట్టిందే సగంలో చేతులు మారితే, చెరువు ఇచ్చిన ఊరికి ఏం మిగులుతుంది? ఓపీ చీటీ కూడా డబ్బులిచ్చి తీసుకోవాల్సి వస్తుందేమో.

పల్లంలో కట్టినదానికి వరద ఎలాగూ వస్తుంది, దాని గురించి ఎక్కువ రాయను. ఒంగోల్లో గట్టి వాన పడితే పోతురాజు కాలవ పొంగి ఇళ్లల్లోకి నీళ్లొస్తాయి, అది చూడని వాళ్లు ఈ ఊళ్లో లేరు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, కోవూరు దగ్గర హైవే తెగింది. దారి తెగాక ఏటికి అవతల ఎంత పెద్దాసుపత్రి ఉంటే ఇవతలి గర్భిణికి ఏం లాభం?

ఆసుపత్రి వద్దని నేను అనడం లేదు. వద్దంటే నా షాపే మూతపడుతుంది, ఆ మాత్రం స్వార్థం నాకూ ఉంది. ఉన్న ఆసుపత్రుల ఆవరణల్లో పాత క్వార్టర్లు ఎన్ని శిథిలమై పడున్నాయో ఒకసారి లోపలికి వెళ్లి చూడండి, వాటి స్థానంలో పైకి కట్టొచ్చు. దానికన్నా ముందు ఖాళీ పోస్టులు నింపాలి, రాత్రి డ్యూటీకి స్కానింగ్ టెక్నీషియన్ ఉండాలి, కవరు కప్పిన మెషీన్లు ఎన్ని ఉన్నాయో కలెక్టర్ గారు ఒక జాబితా బయటపెట్టాలి. 2017 జాతీయ ఆరోగ్య విధానమే చెప్పింది, డబ్బులో మూడింట రెండొంతులు ప్రాథమిక వైద్యానికి పోవాలని, 2025కల్లా ప్రభుత్వ ఖర్చు జీడీపీలో 2.5 శాతానికి చేరాలని. ఆ గడువు దాటిపోయింది. ప్రాథమిక వైద్యం అంటే మన వైపు మొదట నీళ్లే. ప్రతి పీహెచ్‌సీలో బీపీ చూసినట్టు ఆ ఊరి బోర్ల ఫ్లోరైడ్ కూడా ఏడాదికి రెండుసార్లు చూసి గోడ మీద రాస్తే, ఏ బోరు నీళ్లతో వండుకోకూడదో ఆడవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. దానికి ఎకరం స్థలం కూడా అక్కర్లేదు, ఒక డబ్బా పెయింటు చాలు.

మాస్టారు గారు ఒప్పుకుంటే నెలాఖరులో నా షాపుకు రమ్మని పిలుస్తున్నాను. ఆ పెద్దాయన వచ్చే రోజది. చెరువులో ఏం కట్టాలో ఆయన్నే అడుగుదాం.

లేఖ పెద్దదైంది, మీ పేజీలో అంత చోటు ఉండదని తెలుసు. కొయ్యాల్సి వస్తే మా మేనమామ కథ కోసెయ్యండి, "ఇప్పటికే ఉన్న" అనే మాట మాత్రం కొయ్యొద్దు. పేరు వెయ్యకండి, రేపు పొద్దున ఇదే వీధిలో షట్టర్ తియ్యాలి.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
ఒంగోలు.