వేలంలో ఎంపిక కాని మా అమ్మాయికి

చిరంజీవి అమ్మలుకు,

అమ్మ ఆశీర్వదించి వ్రాయు ఉత్తరం. మహిళల క్రికెట్ లీగ్ డబ్ల్యూపీఎల్ (ఉమెన్స్ ప్రీమియర్ లీగ్) జట్లు క్రీడాకారిణులను ఎంచుకునే వేలంలో నీ పేరు చదివినా ఏ జట్టూ ముందుకు రాలేదని, ఇక కిట్టు సర్దుకొని ఇంటికి వచ్చేస్తానని నువ్వు అన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఫోనులో మాట పూర్తి కాకముందే ఇద్దరికీ ఏడుపు వస్తుంది కనుక ఉత్తరం వ్రాస్తున్నాను.

ముందు లెక్క చూడు. డబ్ల్యూపీఎల్‌లో ఉన్నవి 5 జట్లు. ఒక్కో జట్టు 18 మందికి మించి తీసుకోకూడదు, వారిలో విదేశీయులు 6 మంది వరకు ఉండవచ్చు. అంటే ఇంత పెద్ద దేశంలో మన అమ్మాయిలకు మిగిలేవి సుమారు 60 చోట్లు. అందులో ఈ ఏడు నీకు చోటు దొరకలేదు, అంతే. నీ బౌలింగ్ ఎలాంటిదో ఆ వేలం తేల్చిందని నేను ఒప్పుకోను.

మన హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలోనే 1978లో ఆస్ట్రేలియా అమ్మాయిలు ఇంగ్లండ్‌ను ఓడించి ప్రపంచకప్ అందుకున్నారు. ఆ రోజుల్లో మన క్రీడాకారిణులు రిజర్వేషన్ లేని పెట్టెల్లో ప్రయాణించి ఆడేవారు. మహిళల క్రికెట్ భారత క్రికెట్ బోర్డు (బీసీసీఐ) నీడకు చేరింది 2006లో. అంతకు ముందటి ఏడాది ప్రపంచకప్ ఫైనల్ దాకా వెళ్లిన జట్టుకు మ్యాచ్‌కు 1,000 రూపాయలే ముట్టాయని నాటి కెప్టెన్ మిథాలీ రాజ్ స్వయంగా చెప్పారు. 2022 అక్టోబరులో అంతర్జాతీయ మ్యాచ్ ఫీజును మగవారితో సమానం చేశారు కనుక ఇప్పుడు వన్డేకు 6 లక్షలు వస్తున్నాయి. ఇది ఎవరో దయతలచి ఇచ్చినది కాదమ్మా, ఏమీ రాని కాలంలో కూడా ఆట వదలనివారు సంపాదించి పెట్టినది.

రాజమహేంద్రవరంలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి గారి గురించి నీకు ప్రత్యేకంగా చెప్పాలి. ఆంధ్ర, రైల్వేస్ జట్లకు ఏళ్ల తరబడి బౌలింగ్ చేసినా, భారత జట్టుకు ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం ఆమెకు దక్కలేదు. అయినా మైదానం విడవకుండా రిఫరీగా పనిచేస్తూ వచ్చి, 2019లో అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) మ్యాచ్ రిఫరీల బృందంలో చేరిన తొలి మహిళ అయ్యారు. అదే ఏడాది డిసెంబరులో మగవారి అంతర్జాతీయ వన్డేకు రిఫరీగా నిలిచారు. తుది జట్టులో ఉన్న 11 మందికే క్రికెట్‌లో బతుకుతెరువు ఉంటుందనుకునేవారికి ఆమె పేరు చెప్పు. అంపైరింగ్, కోచింగ్, స్కోరింగ్, ఫిజియోథెరపీ, అన్నిటా ఆడపిల్లల అవసరం పెరుగుతూనే ఉంది; నీ డిగ్రీ ఆపవద్దని నాన్న పట్టుబట్టేది కూడా ఇందుకే.

ఇక వయసు దాటిపోతోందన్న బెంగ. విశాఖకు చెందిన స్నేహ దీప్తి 2013లో భారత్‌కు ఆడి, తల్లయిన తరువాత 2023లో డబ్ల్యూపీఎల్ ఢిల్లీ జట్టులోకి వచ్చింది. కడప జిల్లా పల్లెటూరి పిల్ల శ్రీచరణి, నీలాగే ఎడమచేతి స్పిన్నర్, 2025 ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసింది. నవంబరు 2న నవీ ముంబయిలో ఆ కప్ ఫైనల్లో మన జట్టు దక్షిణాఫ్రికాపై 52 పరుగులతో గెలిచిన రాత్రి మన వీధిలో ఆడపిల్లలంతా టపాకాయలు కాల్చారు.

మరొక మాట. సెలవులకు వచ్చినప్పుడల్లా ఇక్కడి అబ్బాయిల బంతితోనే సాధన చేస్తావు. అది 156 గ్రాములకు కాస్త అటూ ఇటూగా మొదలై 163 దాకా ఉంటుంది. మీ మ్యాచ్ బంతి 140 నుంచి 151 గ్రాముల లోపే. తిరిగి వెళ్లిన మొదటి వారం బంతి లెంగ్త్ (అనుకున్న చోటు) దాటి పడుతోందని చెప్పింది నువ్వే. అందుకని నాన్న మహిళల మ్యాచ్‌లలో వాడే బంతులు అరడజను తెప్పిస్తున్నారు. సంక్రాంతికి రా, వారం ఉండు, శిబిరం మొదలయ్యే ముందు రోజుకు తిరుగు టికెట్ కూడా తీసి పెడతాను.

ఇట్లు,
మీ అమ్మ